బిల్డింగ్ వెనక్కి వాలకుండా రెండర్ రావాలంటే కెమెరా తల ఎత్తకండి, షిఫ్ట్ వాడండి

ఎలివేషన్ రెండర్లలో, అంటే బిల్డింగ్ ముఖభాగాన్ని త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో తయారుచేసే బొమ్మల్లో, చాలా ఎక్కువగా కనపడే సమస్య ఇది. కింద స్టిల్ట్ (పిల్లర్ల మీద ఉండే పార్కింగ్ అంతస్తు) దగ్గర బాగానే ఉంటుంది, పైకి వెళ్లేకొద్దీ రెండు పక్కల గోడలూ లోపలికి ముడుచుకుంటూ పోయి బిల్డింగ్ మొత్తం వెనక్కి వాలినట్టు వస్తుంది. లైటింగ్, మెటీరియల్స్ ఎంత కష్టపడి చేసినా ఆ వాలు ఒక్కటి చాలు, చూసేవాళ్లకి ఏదో తేడాగా ఉందే అనిపించడానికి.

కారణం సింపుల్. పైన పిట్టగోడ ఫ్రేమ్‌లో పట్టట్లేదని కెమెరాని పైకి తిప్పుతాం, తిప్పగానే సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) కూడా వంగుతుంది, గోడలకి సమాంతరంగా ఉండదు, అలా లేనప్పుడు నిలువు గీతలు ఎక్కడో పైన ఒక పాయింట్‌లో కలవడానికి వెళ్తాయి. అదే కెమెరా నేలకి సమాంతరంగా ఉంచేసి ఫ్రేమ్‌ని మాత్రం పైకి జరిపితే, అంటే షిఫ్ట్ చేస్తే, నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి. ఫొటోగ్రాఫర్లు ఈ పని షిఫ్ట్ లెన్స్‌తో చేస్తారు, 1962లో నికాన్ తెచ్చిన 35 ఎంఎం పీసీ నిక్కోర్ దీనికోసమే, ఇప్పుడు కెనాన్ టీఎస్-ఈ 24 ఎంఎం రెండో వెర్షన్ అయితే 12 ఎంఎం దాకా జరుగుతుంది. మనకి లెన్స్ కొనే పని లేదు, ఒక నంబర్ టైప్ చేస్తే చాలు.

బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఎలాగో లెక్కతో సహా చూద్దాం. స్టిల్ట్ ప్లస్ ఫైవ్ అపార్ట్‌మెంట్, ఎత్తు 18 మీటర్లు అనుకోండి. కెమెరా 20 మీటర్ల దూరంలో, కంటి ఎత్తు 1.6 మీటర్లలో పెట్టండి. రొటేషన్ ఎక్స్ కచ్చితంగా 90 డిగ్రీలు (అంటే కెమెరా నేలకి సమాంతరం), వై సున్నా. 89.4 లాంటివి ఉంటే చేత్తో 90 కొట్టేయండి. లెన్స్ 24 ఎంఎం, సెన్సర్ 36 ఎంఎం. కెమెరా కంటే పిట్టగోడ 16.4 మీటర్లు పైన ఉంది కాబట్టి 16.4ని 20తో భాగించి 24తో గుణిస్తే సెన్సర్ మీద సుమారు 19.7 ఎంఎం వస్తుంది, పైన కొంచెం ఆకాశం కూడా కావాలి కదా, 22 అనుకుందాం.

ఇప్పుడు ఫ్రేమ్ అడ్డంగా 3:2లో ఉంటే మధ్య నుంచి పైకి ఉన్నది 12 ఎంఎమ్మే, ఇంకో 10 జరపాలి. కెమెరా సెట్టింగ్స్‌లో ఫ్రేమ్‌ని పైకీ కిందకీ జరిపే షిఫ్ట్ వైలో 10ని 36తో భాగించి 0.28 ఇస్తే పిట్టగోడ పడుతుంది, కానీ కింద చూడండి, గేటు ముందు మీటరు నేల కూడా మిగలదు, బిల్డింగ్ ఫ్రేమ్ అంచు మీద కూర్చున్నట్టు ఉంటుంది. అందుకే నేనైతే ఇలాంటి వ్యూకి ఫ్రేమ్ నిలువుగా పెట్టేస్తాను. రిజల్యూషన్ 2:3 చేస్తే పైకి 18 ఎంఎం అక్కడే ఉంది, జరపాల్సింది 4 మాత్రమే, షిఫ్ట్ వై 0.11 సరిపోతుంది, ముందు రోడ్డు కూడా బాగా వస్తుంది. వెడల్పులో 20 మీటర్లు పడతాయి. బ్లెండర్‌లో సెన్సర్ ఫిట్ ఆటోలో ఉంటే షిఫ్ట్‌ని ఫ్రేమ్ పెద్ద వైపుతో కొలుస్తుంది, కాబట్టి రిజల్యూషన్ మార్చిన ప్రతిసారీ షిఫ్ట్ మళ్లీ చూసుకోండి.

సందు చిన్నది, ఎదురుగా ఇల్లుంది, 20 మీటర్లు వెనక్కి వెళ్లలేం అంటారా, ఎదురిల్లు హైడ్ చేయండి, లేదా క్లిప్ స్టార్ట్ (కెమెరాకి ఎంత దూరం నుంచి కనపడాలో చెప్పే సెట్టింగ్) పెంచండి. దగ్గరే నిలబడి 14 ఎంఎం లెన్స్ పెట్టడం కంటే ఇది చాలా నయం, లేకపోతే అంచుల్లో ఉన్న కార్లూ మనుషులూ సాగిపోతారు.

ఇంకో త్రీడీ సాఫ్ట్‌వేర్ త్రీడీఎస్ మ్యాక్స్‌లో అయితే ఫిజికల్ కెమెరాలో పర్‌స్పెక్టివ్ కంట్రోల్ కింద లెన్స్ షిఫ్ట్ ఉంటుంది, అక్కడే ఆటో వర్టికల్ టిల్ట్ కరెక్షన్ కూడా ఉంటుంది, టిక్ పెడితే కెమెరా వంగి ఉన్నా గీతలు సరిచేస్తుంది. పాత స్టాండర్డ్ కెమెరాకైతే కెమెరా కరెక్షన్ మాడిఫయర్ వేయాలి. స్టిల్ రెండర్‌కి ఆటో బాగానే పనిచేస్తుంది, కాకపోతే కెమెరా బాగా పైకి తిప్పేసి దాని మీద భారం వేస్తే పై అంతస్తులు సాగదీసినట్టు వస్తాయి. వాక్‌త్రూ వీడియోలో కెమెరా పైకీ కిందకీ కదిలేటప్పుడు ఆటో ఆపేయండి, లేదంటే బిల్డింగ్ సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. స్కెచప్‌లో కెమెరా మెనూలో టూ పాయింట్ పర్‌స్పెక్టివ్ నొక్కి వెంటనే సీన్ సేవ్ చేసుకోండి, ఒక్కసారి ఆర్బిట్ చేస్తే (వ్యూని తిప్పితే) పోతుంది.

తర్వాత ఫొటోషాప్‌లో సరిచేద్దాంలే అని వదిలేయకండి. అక్కడ లాగితే పైన పిక్సెల్స్ సాగుతాయి, పక్కలు క్రాప్ అవుతాయి, మాస్క్ పాసులన్నీ (గోడ, గాజు లాంటివి విడిగా ఎంచుకోడానికి తీసిన రెండర్లు) కూడా అంతే లాగాలి.

నలభై అంతస్తుల టవర్ అయితే నా మాట వేరే. రోడ్డు మీద నిలబడి చూసినట్టు పెట్టి నిలువులు పూర్తిగా సరిచేస్తే పైభాగం లావుగా మీదకి వంగినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే అంత ఎత్తు చూసేటప్పుడు మన కన్ను కొంచెం ముడుచుకోవడాన్ని ఎదురుచూస్తుంది. అక్కడ కొంచెం వాలు ఉంచేయండి, లేదా దూరం వెళ్లి 50 ఎంఎం పెట్టండి, ఇంకా బాగా రావాలంటే కెమెరాని బిల్డింగ్ సగం ఎత్తుకి లేపండి. పైనుంచి చూసే బర్డ్స్ ఐ వ్యూలో అసలు కరెక్షన్ జోలికే వెళ్లొద్దు. ఇంటీరియర్స్‌లో కెమెరా 1.2 మీటర్ల దగ్గర నిటారుగా పెట్టుకుని, సీలింగ్ ఎక్కువైతే షిఫ్ట్ కొంచెం మైనస్‌లోకి తెచ్చి నేల చూపించండి.