మీ వీధి కింద పాత వంక ఉందా? తిరుపతిలో ఇట్లా కనుక్కోండి

ముందు ఊరి వాటం చూసుకోండి. ఉత్తరాన శేషాచలం కొండ, దక్షిణాన స్వర్ణముఖి ఏరు, మధ్యలో మనం. కొండ మీద పడిన వాన ఏట్లో కలవాలంటే ఊరు దాటి పోవాల్సిందే. కపిలతీర్థం, మాల్వాడి గుండం వైపు నుంచి దిగే నీళ్ళు ఒకప్పుడు వంకల్లో, అంటే వాన నీళ్ళు పోయే చిన్న వాగుల్లో పారి, గుంటలు చెరువులు నింపుకుంటా, మొరవ పోయి (నిండినాక పొర్లి) కింద చెరువుకి, అట్లా ఏటికి చేరేవి. ఇప్పుడు చాలాచోట్ల వంక మీద స్లాబు, స్లాబు మీద రోడ్డు, షాపులు. పైన కనపడదు గానీ నీళ్ళకి దారి మాత్రం అదే, 2021 నవంబర్ వరదలప్పుడు ఊరంతా చూసినాం కదా. స్థలం కొనేవాళ్ళు, వానొస్తే ఇంట్లోకి నీళ్ళొచ్చేవాళ్ళు ఈ పని తప్పకుండా చేయాలి.

మొదట సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు, అంటే నేల ఎత్తుపల్లాలు, వాగులు చూపించే మ్యాపు. పాత నంబరింగ్‌లో తిరుపతి 57 ఓ/6 షీట్లో వస్తుంది, స్కేలు 1:50,000, అంటే మ్యాపులో ఒక సెంటీమీటరు నేల మీద 500 మీటర్లు. కొత్త సిరీస్ షీట్లు వాళ్ళ ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్లో లాగిన్ అయితే దొరుకుతాయి. నీలం గీతల కోసమే వెతకొద్దు, ఏడాదంతా నీళ్ళు లేని వంకల్ని పాత షీట్లలో నల్లగీతల్తోనే వేస్తారు, మనవి ఎక్కువ అవే. కొండ కింద కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) ఎక్కడ కొండ వైపు మొన తేలి వంగినాయో అక్కడ వంక పుట్టినట్టు, ఊళ్ళోకి వచ్చేసరికి నేల చదును కాబట్టి కాంటూర్లు పెద్దగా పనికిరావు. గూగుల్ ఎర్త్ ప్రోలో పాత శాటిలైట్ ఫొటోలు కూడా వెనక్కి జరిపి చూడండి, ఇళ్ళ మధ్య వంకరగా పోయే ఖాళీ జాగా కనపడితే గుర్తు పెట్టుకోండి.

అసలు బలమైన సాక్ష్యం కాగితాల్లో ఉంటుంది, నేను ఎక్కువ నమ్మేది దీన్నే. మీ ఇంటి డాక్యుమెంటు ఒక్కటే కాదు, వెనకాల లింకు డాక్యుమెంట్లన్నీ (అదే స్థలం అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు) తీసి చెక్కుబంది, అంటే నాలుగు దిక్కుల హద్దులు రాసిన భాగం చదవండి. ఇప్పటి రిజిస్ట్రేషన్‌లో ఉత్తరం హద్దు రోడ్డు అనుంటుంది, అదే స్థలానికి నలభై యాభై ఏళ్ళ కిందటి దస్తావేజులో ఉత్తరం వంక అనో కాలువ పోరంబోకు (కాలువ కోసం వదిలిన సర్కారు భూమి) అనో రాసుంటారు. అమ్మేవాడికీ కొనేవాడికీ అప్పుడు దాన్ని దాచాల్సిన పని లేదు కాబట్టి ఆ రాత మీద నమ్మకం పెట్టొచ్చు. తర్వాత ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, కొలతలతో గీసిన భూమి పటం) తెప్పించుకోండి. అందులో వంక గట్లు, వెడల్పు కొలతలతో సహా ఉంటాయి, పాత వాటిలో కొలత లింకులనే పాత కొలమానంలో ఉంటుంది, 100 లింకులంటే 66 అడుగులు. ఒక్క జాగ్రత్త, టౌన్ సర్వే నంబరు వేరే, పాత గ్రామ సర్వే నంబరు వేరే, రెండూ కలుపుకోకపోతే వేరే వీధి వంక పట్టుకుని తిరుగుతారు. ఇంకా వెనక్కి పోయేవాళ్ళు చిత్తూరు జిల్లా పేరుతోనే వెతికితే చాలదు, ఆ జిల్లా ఏర్పడింది 1911లో, అంతకుముందు మనం నార్త్ ఆర్కాట్ జిల్లా, ఆ పేరుతో వెతకాలి.

కాగితం అయినాక నడవండి. తాతయ్యగుంట, కొర్లగుంట, తుమ్మలగుంట లాంటి పేర్లు ఊరికే పెట్టినవి కాదు, చుట్టుపక్కల పల్లం ఎటుందో చూడండి. రైల్వే లైను వెంబడి చిన్న కల్వర్టులు వెతకండి, కట్ట వేసేటప్పుడు పారే నీళ్ళకి దారి వదలకపోతే కట్టే కొట్టుకుపోతుంది, కాబట్టి కల్వర్టు ఉందంటే అక్కడ నీటి దారి ఉన్నట్టే. ఆ వీధిలో పెద్దవాళ్ళని అడగండి, "అవ్వా, మీ చిన్నప్పుడు ఇక్కడ వంక యాడ పారేది, బట్టలు యాడ ఉతికేవాళ్ళు" అని అడిగితే చెయ్యి చూపించి మరీ చెప్తారు. 2021లో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చినాయో కూడా అడిగి గోడ మీద మరక కొలవండి. ఎమ్మార్‌పల్లి శ్రీకృష్ణనగర్‌లో భూమిలో ఉన్న సిమెంటు నీళ్ళ ట్యాంకు పైకి లేచింది ఆ వానలప్పుడే, అడుగున నేలంతా నీళ్ళతో నిండిపోతే ఆ నీళ్ళే ఖాళీ ట్యాంకుని కింద నుంచి పైకి తోసేస్తాయి. అలాంటి చోట్ల వాన తగ్గంగానే సంపు మొత్తం ఖాళీ చేసి కడగొద్దు.

మ్యాన్‌హోల్ మూత తీసి చూడటం, కల్వర్టు లోపలికి దూరటం మాత్రం చేయొద్దు, లోపల విషవాయువు ఉంటుంది, వాసన తెలిసేలోపే మనిషి పడిపోతాడు. కొండ మీద వాన పడుతుంటే ఊళ్ళో ఎండ కాస్తున్నా కాలువ పక్కన నిలబడొద్దు.

మ్యాపు, చెక్కుబంది, కల్వర్టు, పెద్దవాళ్ళ మాట, వీటిలో కనీసం మూడు ఒకే గీత మీదకి వస్తేనే అది వంక అనుకోండి, ఒక్కదాంతో ఎవరి ఇంటినీ ఆక్రమణ అనొద్దు. తర్వాత గూగుల్ మై మ్యాప్స్‌లో గీసి, కార్పొరేషన్‌కి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. "వరద సమస్య చెప్పండి" అని రాస్తే ఏమీ రాదు, ఫలానా సర్వే నంబరు వంక పోరంబోకు రికార్డు ప్రకారం వెడల్పెంత, ఇప్పుడున్న డ్రైను వెడల్పెంత, పూడిక చివరిసారి ఎప్పుడు తీసినారు అని మూడు ముక్కలు అడగండి.