నిదానంగా బరువు తగ్గుదాం – నాలుగో పాఠం: మారు అన్నం

మొదటి మూడు పాఠాల్లో మీరు ఏదీ మానలేదు. తిన్నది తిన్నట్టు నోటుపుస్తకంలో రాశారు. నడుము కొలుచుకున్నారు. ఆదివారం పొద్దున్నే పరగడుపున బరువు చూసుకోవడం అలవాటు చేసుకున్నారు. ఈ వారం కంచం దగ్గరికి వద్దాం.

ముందు ఆ పుస్తకం తెరవండి. ఒక్కో భోజనంలో అన్నం ఎన్నిసార్లు పెట్టుకున్నారో చూడండి. పప్పులోకి కాస్త, కూరలోకి కాస్త, పులుసులోకో చారులోకో కాస్త, చివర పెరుగులోకి కాస్త. మన భోజనం నడిచే తీరే అది. అడిగితే ఎవరైనా 'కొంచెమే తిన్నాను' అంటారు, అందులో అబద్ధమూ లేదు. ప్రతిసారీ పెట్టుకున్నది కొంచెమే. అయితే ఆ కొంచెం నాలుగుసార్లు పడుతుంది, కూర మాత్రం ఒక్కసారే పడుతుంది. మన ఇళ్లలో బరువు పెరగడానికి పెద్ద కారణం ఇక్కడే ఉందని నా గట్టి నమ్మకం.

అన్నం మానెయ్యమని చెప్పడం లేదు. మానేసి చపాతీల్లోకి మారినవాళ్లు నెల తిరిగేసరికి బరువు తగ్గలేదని నిరాశపడటం చూస్తూనే ఉంటాం. బియ్యమైనా గోధుమపిండి అయినా 100 గ్రాములకు సుమారు 350 కేలరీలే. కొర్రలు, జొన్నల్లో పీచు ఎక్కువ, కడుపు నిండుగా ఉంటుంది, కాబట్టి అవి తినడం మంచిదే. కేలరీల్లో మాత్రం పెద్ద తేడా లేదు. మార్చాల్సింది కొలత.

ఆ కొలత బియ్యం డబ్బా దగ్గరే జరగాలి, కంచంలోకి వచ్చాక అన్నాన్ని కంటితో అంచనా కట్టలేం. రైస్ కుక్కర్‌తో పాటు ఇచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది. దాన్ని తలకొట్టి కొలిస్తే సుమారు 150 గ్రాముల బియ్యం పడుతుంది, అంటే 500 కేలరీలకు కాస్త పైన. బరువు తగ్గాలనుకునే మనిషికి పూటకు అర కప్పు చాలు. ఇంట్లో నలుగురుంటే, అందులో ఇద్దరు పెరిగే పిల్లలైతే, వాళ్లకు కప్పు చొప్పున, మీకు అర కప్పు చొప్పున లెక్కగట్టి కడిగిపెట్టండి. ఇప్పటిదాకా పూటకు కప్పు తింటున్నవాళ్లు ఒకేసారి సగానికి దిగకండి. ఈ వారం ముప్పావు, పై వారం అర. వండిన తర్వాత మీ వాటా మొత్తం ఒకేసారి ఒక గిన్నెలోకి తీసిపెట్టుకోండి. పప్పులోకైనా పెరుగులోకైనా ఆ గిన్నెలోంచే. కుక్కర్ బల్ల మీదికి రాకూడదు.

ఇక నాలుగు వాయిల్లో ఒకటి తీసేద్దాం. చారుని అన్నంలో కలుపుకోకుండా గ్లాసులో పోసుకుని తాగండి. మిరియాల చారైనా టమాటా చారైనా అలా తాగితేనే దాని రుచి తెలుస్తుంది. పెరుగన్నం వదలొద్దు. అది లేకపోతే భోజనం చేసినట్టే ఉండదని అనేవాళ్లే ఎక్కువ, అలా లోటుగా లేచినవాళ్లు గంట తిరక్కుండా జంతికల డబ్బా మూత తీస్తారు. పెరుగు ఎక్కువగా, అన్నం తక్కువగా కలుపుకోండి.

తగ్గించిన అన్నం చోటులోకి ఏదో ఒకటి రావాలి, లేకపోతే ఆకలితో నాలుగు రోజుల్లో వదిలేస్తారు. అక్కడికి కూర రావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, 2000 కేలరీల రోజువారీ కంచానికి సుమారు 400 గ్రాముల కూరగాయలు, 85 గ్రాముల పప్పులు ఉండాలని ఉంది. అన్నం, టిఫిను, రొట్టెలు అన్నీ కలిపి తిండిగింజలు సుమారు 250 గ్రాములు. ఈ లెక్క పట్టుకుని మీ ఇంటి సంచీ చూడండి. నలుగురికి అరకిలో బీరకాయలు తెస్తాం. చెక్కు తీసి, ముక్కలు కోసి, మగ్గబెట్టేసరికి అది నీరంతా వదిలి మూకుడు అడుక్కి చేరుతుంది. మనిషికి గరిటెడు కూడా రాదు. ఇక అన్నంతో నింపుకోక ఏం చేస్తారు? బీర, ఆనప, పొట్ల, తోటకూర లాంటివి వండే రోజు నలుగురికి కిలో తక్కువ కాకుండా తీసుకోండి. పిడికెడు నానబెట్టిన పెసరపప్పు వేస్తే కూరకు ఒదుగు, ఒంటికి ప్రోటీన్ రెండూ వస్తాయి. మాంసాహారులు ఆ చోట ఉడికించిన గుడ్డో, నూనె తక్కువ వేసిన చేపల పులుసో పెట్టుకోవచ్చు.

తినే వరస కూడా కాస్త మార్చండి. కంచంలో ముందు కూర వడ్డించుకుని, నాలుగు ముద్దలు కూరే తినండి, తర్వాత అన్నం కలపండి. ముందు కూర, పప్పు లోపలికి వెళ్తే అన్నంలోని చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. కారం, ఉప్పు అన్నానికి సరిపడా వేసిన కూర ఉత్తిగా తినలేమంటారు కొందరు, నిజమే. అందుకే వండేటప్పుడే రెండూ తగ్గించాలి. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆవకాయ తిన్న మర్నాడు తూకం అరకిలో, కిలో పెరిగి కనిపిస్తే బెంగపడకండి. అది ఉప్పు పట్టి ఉంచిన నీరు, కొవ్వు కాదు.

నూనె సంగతి క్లుప్తంగా. పెద్ద చెంచాడు నూనెలో సుమారు 120 కేలరీలు ఉంటాయి. 70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది ఇంచుమించు 150. పొద్దున నడిచాం కదా అని సాయంత్రం బజ్జీల బండి దగ్గర ఆగితే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు. ప్యాకెట్ నుంచి మూకుట్లోకి నేరుగా వంచకుండా చెంచాతో కొలిచి వేయండి, ఈ వారానికి అది చాలు.

వడ్డించేవాళ్ల గురించి చెప్పకపోతే ఈ పాఠం మన ఇళ్లలో పనికిరాదు. అమ్మో అత్తగారో అన్నం గరిటె పట్టుకుని నిలబడితే 'వద్దు' అన్న మాట వాళ్లకు కష్టంగా ఉంటుంది. వాళ్ల ప్రేమకు ఉన్న దారి అది. అందుకే వద్దు అనకుండా వేరేది అడగండి. "అత్తయ్యా, వంకాయ చాలా బాగుంది, ఇంకో గరిటె కూర వెయ్యండి." మారు అడిగారన్న తృప్తి ఆవిడకు దక్కుతుంది, మీ గిన్నె లెక్కా తప్పదు. పెళ్లిళ్లు, పండగలు వచ్చినప్పుడు తృప్తిగా తినండి. ఆ మర్నాడు ఉపవాసం చెయ్యకండి, మామూలు కొలతకు తిరిగి రండి.

ఈ వారం నడక: మధ్యాహ్నం, రాత్రి భోజనం చేసిన కాసేపటికి పది నిమిషాలు. డాబా మీదో, వీధిలోనో, ఇరుకింట్లో ఈ గది నుంచి ఆ గదికో. నెమ్మదిగానే నడవండి. తిన్నాక కాళ్ల కండరాలు కదిలితే రక్తంలో చక్కెర ఎక్కువగా ఎగబాకదు. ఇది మూడో పాఠంలో మొదలుపెట్టిన చురుకైన నడకకు అదనం. ఆ నడకలో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వారానికి 150 నిమిషాలు మన గురి, అక్కడికి చేరడానికి ఇంకా నెల పట్టినా తొందర లేదు.

ఇన్సులిన్ గానీ షుగరు మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు అన్నం తగ్గించే ముందు డాక్టరుకు చెప్పి తీరాలి. మందు మోతాదు మార్చకుండా తిండి తగ్గిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. కిడ్నీ జబ్బున్నవాళ్లు పప్పు పెంచే ముందు అడగాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ పాఠంలో కొలతల జోలికి పోవద్దు.

వారానికి పావుకిలో తగ్గినా సరైన దారిలోనే ఉన్నట్టు, అరకిలో అయితే చాలా బాగున్నట్టు. 80 కిలోలున్నవారు ఆరు నెలల్లో 4 కిలోలు తగ్గించుకుంటే బీపీ, షుగరులోనే మార్పు కనిపించే అవకాశం ఉంది. తూకం ఓ వారం కదలకపోతే నడుము కొలత చూడండి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 మన హద్దు.

పుస్తకంలో ఈ వారం రాయాల్సినవి: వండిన బియ్యం ఎన్ని కప్పులు, మీ గిన్నె కాక మారు అన్నం ఎన్నిసార్లు పడింది, భోజనం తర్వాత నడిచారా లేదా. తప్పిన రోజున 'తప్పింది' అని రాసి, ఆ పూట ఎవరున్నారు, ఏం వండారు అన్నది పక్కనే రాయండి. ఎక్కువగా తప్పేది రాత్రా, ఆదివారమా, చుట్టాలొచ్చినప్పుడా అన్నది అక్కడే బయటపడుతుంది, వచ్చే పాఠంలో దానితోనే పని. చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి గోడకు ఆనించి పెట్టుకోండి, కాళ్ల బలానికి చేసే లేచి కూర్చునే వ్యాయామం దానిమీదే మొదలుపెడదాం.