ముసురులో గ్వీలిన్ దారి: విశాఖ సైకిలిస్టుల సన్నాహం

గ్వాంగ్‌ఝౌ నుంచి చెంగ్డూ వరకు సాగే చైనా 321వ నంబరు జాతీయ రహదారి యాంగ్‌షువో, గ్వీలిన్‌ల సున్నపురాతి కొండల నడుమగా వెళ్లి, లోంగ్‌షెంగ్ కొండవాలు వరిమడులను దాటి, సాన్‌జ్యాంగ్ వద్ద డోంగ్ తెగ గ్రామాలను చేరుతుంది. గ్వాంగ్‌ఝౌ నుంచి గ్వీలిన్ వరకే 500 కిలోమీటర్ల పైచిలుకు ఉండే ఈ దారిలో సైకిల్ మీద వెళ్లాలనుకునే మనవారిలో చాలామందికి తీరిక దొరికేది వేసవి సెలవుల్లోనే. అక్కడ ఏప్రిల్ నుంచి జూన్ వరకు వానల కాలం. గ్వీలిన్‌లో ఏడాదికి కురిసే 1,900 మిల్లీమీటర్ల వర్షంలో పెద్ద వాటా ఆ మూడు నెలలదే. కనుక వాన పడకూడదని కోరుకుంటూ కాక, వాన పడుతుందన్న లెక్కతోనే సిద్ధం కావాలి. వెచ్చని వానలో రోజంతా తొక్కేవాడు ఏ కోటు వేసుకున్నా పైనుంచి నీటితోనో లోపలినుంచి చెమటతోనో తడుస్తాడు. పగలు ఒళ్లు తడవకుండా కాపాడుకోవడం కంటే రాత్రికి పొడి బట్టలు, పొడి పక్క మిగిలి ఉండేలా చూసుకోవడమే ముఖ్యం.

దీన్ని ఇంటి దగ్గరే సాధన చేయవచ్చు. జూలై, ఆగస్టు నెలల్లో ముసురు పట్టిన ఒక శని, ఆదివారాలను ఎంచుకొని, యాత్రకు తీసుకెళ్లే సామాను మొత్తాన్ని సైకిలుకు కట్టి, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి బొర్రా వరకు వెళ్లి, ఒక రాత్రి అక్కడ ఉండి తిరిగి రావాలి. భీమిలి వరకు బీచ్‌రోడ్డులో వెళ్లిరావడం కాళ్లకు మంచి అలవాటే గాని, బరువుతో తడి వాలు దిగడం అది నేర్పదు. బొర్రా గుహలను తొలిచినదీ, గ్వీలిన్ కొండలను చెక్కినదీ సున్నపురాయిని నెమ్మదిగా కరిగించే నీరే గనుక, ఈ రిహార్సల్‌కు ఇంతకన్నా తగిన చోటు మనకు దగ్గరలో లేదని నా అభిప్రాయం. నా మొదటి ప్రయత్నంలో అనంతగిరి దిగుతుండగా రిమ్ము బ్రేకులు (చక్రపు అంచును రబ్బర్లతో నొక్కి పట్టేవి) తడిసి, రెండు మలుపులు దాటేవరకు పట్టు దొరకలేదు. కిందికి వచ్చి చూస్తే ఇసుక, బురద కలిసి కొత్త బ్రేకు రబ్బర్లను సగానికి అరగదీశాయి.

అందువల్ల వీలైతే డిస్కు బ్రేకులున్న (చక్రం నడిమి పళ్లాన్ని పట్టేవి) సైకిలునే తీసుకెళ్లండి. రిమ్ము బ్రేకులే ఉన్నట్లయితే రెండు జతల రబ్బర్లు అదనంగా ఉంచుకొని, వాలు మొదలయ్యే ముందే బ్రేకును తేలికగా రెండు మూడుసార్లు నొక్కి రిమ్ము మీది నీటిని తుడిచేయడం అలవాటు చేసుకోవాలి. టైర్లు 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే మంచిది. వానలో గాలి కాస్త తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. ముందూ వెనకా పూర్తి నిడివి మడ్‌గార్డులు తప్పనిసరి. చైనుకు తడి వాతావరణం కోసం చేసిన చిక్కటి నూనె వేయాలి. సముద్రపు గాలికి చైను ఎంత త్వరగా తుప్పు పడుతుందో మనకు తెలిసిందే; అక్కడ ప్రతి సాయంత్రం చైనును గుడ్డతో తుడిచి మళ్లీ నూనె వేయకపోతే వారానికే గేర్లు మొరాయిస్తాయి.

క్యారియరు సంచులు వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నా నమ్మకుండా, లోపల మందపాటి పాలిథిన్ కవరు వేసి, మూతి రెండుసార్లు మెలిపెట్టి కట్టాలి. ఒక జత పొడి బట్టలు, పలచటి దుప్పటి, పాస్‌పోర్టు వేరే కవరులో ఉండాలి. తడి షార్ట్‌తో గంటలకొద్దీ తొక్కితే తొడలు ఒరుసుకుపోతాయి. ఉదయమే కొబ్బరినూనె పట్టిస్తే చాలావరకు తప్పుతుంది. బూట్ల కంటే పట్టీలున్న చెప్పులు మేలు, ఎందుకంటే బూట్లలో నానిన పాదాలకు వేళ్ల మధ్య చర్మం చిట్లుతుంది. అయితే లోంగ్‌షెంగ్ ఎత్తుల్లో వాన చల్లగా ఉంటుంది కనుక తేలికపాటి రెయిన్‌కోటును ఇంట్లో వదిలి వెళ్లవద్దు.

చైనాలో వాహనాలు కుడివైపున నడుస్తాయి. మన అద్దం కుడి హ్యాండిల్‌కు ఉంటుంది. అక్కడ దానిని ఎడమ హ్యాండిల్‌కు మార్చుకోవాలి. మొదటి రెండు రోజులు కూడళ్ల దగ్గర దిగి, నడిపించుకుంటూ దాటడంలో తప్పేమీ లేదు. మూడంకెల జాతీయ రహదారుల మీద సైకిళ్లకు అనుమతి ఉంది, ఎక్స్‌ప్రెస్‌వేల మీద లేదు. చప్పుడు చేయని ఎలక్ట్రిక్ స్కూటర్లు గొడుగులు పట్టుకున్న మనుషులతో పక్కనుంచి దూసుకుపోతాయి కనుక అద్దం చూడకుండా పక్కకు జరగవద్దు. రోడ్డు మీద తెల్లగీతలు, ఇనుప మూతలు తడిస్తే సబ్బులా జారుతాయి. వాటిని సైకిల్ వంచకుండా నిటారుగా దాటాలి. కొండదారుల్లో సొరంగాలు ఎక్కువ. వెనక ఎర్రదీపం పగలు కూడా వెలుగుతూనే ఉండాలి.

ఎప్పుడు ఆగాలో ముందే నిర్ణయించుకోవడం ఈ యాత్రలో అన్నిటికన్నా పెద్ద విషయం. అక్కడి వాతావరణ శాఖ కుండపోత వానలకు నీలం, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలు ఇస్తుంది. నారింజ వచ్చిన రోజున గది విడిచి బయలుదేరకూడదన్నది నా కచ్చితమైన అభిప్రాయం. జూలై నుంచి సెప్టెంబరు వరకు టైఫూన్లు, అంటే మన తుపానుల వంటివి, వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను చూసిన నగరవాసులకు గాలి హెచ్చరికను ఎందుకు లెక్కచేయాలో వేరే చెప్పనక్కరలేదు. రోడ్డు మీద నీరు పారుతూ కనిపిస్తే లోతు ఎంతైనా అందులోకి దిగవద్దు. కొండవైపు నుంచి చిన్న రాళ్లు దొర్లి పడుతుంటే కొండచరియ విరిగే సూచనగా భావించి వెనక్కి తిరగండి. రోజుకు 60 లేదా 70 కిలోమీటర్లకు మించి లెక్క వేసుకోకపోతే ఇలా ఆగడానికి మనసు ఒప్పుకుంటుంది.

తలదాచుకోవడానికి సాన్‌జ్యాంగ్ ప్రాంతంలో ఒక అందమైన ఏర్పాటు ఉంది. డోంగ్ ప్రజలు నదుల మీద పైకప్పుతో కొయ్య వంతెనలు కట్టుకున్నారు. వాటిని గాలివాన వంతెనలంటారు. 1912లో పని మొదలైన చెంగ్‌యాంగ్ వంతెన వాటిలో ప్రసిద్ధమైనది. లోపల ఇరువైపులా బల్లలుంటాయి. అక్కడ కూర్చొని వానను చూడడానికి ఒక పూట కేటాయించండి. ఆ ప్రాంతంలో తాగే నూనె తేనీరు, టీ ఆకును అల్లంతో దంచి కాచి, పేలాలు వేసి ఇచ్చే ఉప్పటి పానీయం. తడిసిన శరీరానికి మన అల్లం టీ కంటే ఎక్కువ సత్తువ ఇస్తుంది. మాంసం తిననివారు ఆ సంగతిని చైనా లిపిలో రాయించుకొని జేబులో ఉంచుకోవాలి.

కాగితాల గురించి క్లుప్తంగా: వీసా ముందుగా తీసుకోవాలి, విదేశీయుల బస వివరాలు 24 గంటల్లో పోలీసులకు చేరాలి, హోటలులో దిగితే ఆ పని వారే చేస్తారు. విదేశీ పటాల్లో మన స్థానం కొన్ని వందల మీటర్లు పక్కకు కనిపిస్తుంది కనుక గావ్‌డే వంటి చైనా పటాల యాప్‌ను వాడాలి. తడి వేళ్లకు ఫోను తెర స్పందించదు. ఆ రోజు దాటే ఊళ్ల పేర్లను చైనా లిపిలో కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి హ్యాండిల్‌కు తగిలించుకోండి.

గదికి చేరగానే, స్నానానికి ముందే, తడి బట్టలు పిండి ఆరవేసి, సంచులు తెరిచి, చెప్పులు గోడకు ఆనించి, చైను తుడవాలి. తర్వాతే పొడి జతను కవరులోంచి తీయాలి. తెల్లవారాక అవి పూర్తిగా ఆరకపోయినా ఆ తడి బట్టలనే మళ్లీ వేసుకొని, పొడి జతను మడిచి కవరులో పెట్టి, మూతి రెండుసార్లు మెలిపెట్టి కట్టాలి.