సాండ్‌విచ్ కోసం పీచులుగా విడిపోయే గొడ్డుమాంసం

ప్రెషర్ కుక్కర్‌లో ఎన్ని విజిళ్లు వేయించినా, బ్రెడ్డు మధ్య పెట్టి కొరికేసరికి గొడ్డుమాంసం ముక్క తెగకుండా మొత్తంగా బయటికి వచ్చేస్తుంటే స్లో కుక్కర్‌లో (తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుక్కర్‌లో) వండి చూడండి. ఎముక లేని భుజం మాంసం 1 కిలో తీసుకొని, కూరకు కొట్టించినట్టు చిన్న ముక్కలు చేయించకుండా 4 పెద్ద ముక్కలుగానే ఉంచి, వాటికి ఒకటిన్నర చెంచాల ఉప్పు, 2 చెంచాల మిరియాల పొడి పట్టించాలి. అడుగున 2 పెద్ద ఉల్లిపాయల చీలికలు, 10 వెల్లుల్లి రెబ్బలు పరిచి, పైన మాంసం పేర్చి, అర కప్పు నీళ్లు, 2 చెంచాల వెనిగర్ మాత్రమే పోయాలి. మాంసమే నీరు వదులుతుంది కనుక అంతకుమించి అవసరం లేదు. మూత తీయకుండా తక్కువ వేడిలో 8 గంటలు ఉంచితే, గరిటెతో నొక్కగానే పీచులుగా విడిపోతుంది. ఆ రసాన్ని వడకట్టి, పొయ్యి మీద సగానికి మరిగించి మాంసంలో కలపడం తప్పనిసరి, లేకపోతే బ్రెడ్డు నానిపోతుంది.

ఎండాకాలంలో మా కావలి, కందుకూరు వైపు కరెంటు పోతుందని తెలిసిన రోజున మాత్రం దీన్ని పెట్టకూడదు. మధ్యలో ఆగితే గోరువెచ్చగా మిగిలిన మాంసం పాడవుతుంది కాబట్టి, వెంటనే గిన్నెలోకి మార్చి గ్యాస్ పొయ్యి మీద సన్నని సెగన ఉడికించాలి.