క్లాసిక్ బండికి ఇంట్లో సోకులు: ఎక్కడ తంటా వస్తుంది, ఎలా సరిచేయాలి

నాది 2013 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. 346 సీసీ ఇంజన్, పెట్రోలుని గాలితో కలిపిచ్చే కార్బొరేటర్. అపార్ట్‌మెంట్ సెల్లార్లో, ఆదివారాలు, జీతంలో నాలుగు డబ్బులు మిగిలిన నెలల్లో ఒక్కో సామాను మారుస్తూ వచ్చాను. కింద రాసినవన్నీ నేను చేతులారా తెచ్చుకున్న తంటాలే, బండి తప్పు ఒక్కటీ లేదు. 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలతో కార్బొరేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది, 2021లో ఇంజనే మారి 349 సీసీ అయింది. ఆ బళ్లకు కార్బొరేటర్ మాటలు వదిలేసి మిగతావి చూసుకోండి.

ముందుగా ఒక మాట. ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చాక ఓ రెండొందల కిలోమీటర్లు తిరిగి, అప్పుడు రెండోదాని జోలికి వెళ్లండి. నేనొకసారి హ్యాండిల్, ఇండికేటర్లు, పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడికి కరిగించి అతికించేది) మూడూ ఒకే వారంలో కానిచ్చాను. ఏది దేనివల్ల చెడిందో తేల్చుకోవడానికి నెల పట్టింది.

ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు కూడా మిణుకుమంటోంది, హారన్ మూలుగుతోంది

ఆ నెలంతా పోయింది దీనికే. ఇంజన్ మౌంటింగ్ ప్లేట్లు, బ్యాటరీ పెట్టె, మడ్‌గార్డ్ పట్టీలు నల్లగా పౌడర్ కోటింగ్ చేయించి బిగించాను. చూడ్డానికి కాటుక పెట్టినట్టుంది. మర్నాడు ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక లైటు దాంతోపాటు కొట్టుకుంటోంది. హారన్ జలుబు చేసినట్టుంది. సెల్ఫ్ నొక్కితే ఒక్కోసారి టక్‌మని ఊరుకుంటోంది. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది వేశాను. డబ్బు దండగ. చివరికి వీధి చివర ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తోసుకెళ్తే, బండి ఎక్కకుండానే అడిగాడు: "రంగు మీదికెళ్లి కరెంట్ ఎట్ల పోతది సార్?"

కారణం ఎర్త్. బ్యాటరీ ప్లస్ నుంచి బల్బుకి వైరు వెళ్తుంది, తిరుగుదారి మాత్రం ఫ్రేమే. ఎర్త్ వైరు చివర ఉన్న రింగుకీ ఫ్రేముకీ మధ్య పౌడర్ కోటింగ్ పొర చేరితే కరెంటు వేరే బల్బుల గుండా దొంగదారి వెతుక్కుంటుంది. అందుకే సంబంధం లేని లైట్లు కలిసి కొట్టుకుంటాయి.

తేల్చుకోవడం తేలికే. మల్టీమీటర్ (వోల్టులు, ఆంపియర్లు కొలిచే మీటరు) 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఒక పుల్ల బ్యాటరీ మైనస్‌కి, రెండోది ఇంజన్ మీద రంగులేని చోట ఆనించండి. ఎవరినైనా హారన్ నొక్కమనండి. మీటరు దాదాపు సున్నా చూపాలి. సెల్ఫ్ నొక్కినప్పుడు కూడా అర వోల్టు దాటకూడదు. నాది ఒకటిన్నర చూపింది.

సరిచేయడానికి ముందు బ్యాటరీ మైనస్ ఊడదీయండి. ఎర్త్ బోల్టు విప్పి, రింగు ఆనే చోట రూపాయి బిళ్లంత మేర ఎమరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా గీకండి. పళ్లున్న స్టార్ వాషర్ వేసి బిగించి, పైన వాసలిన్ పూయండి, తుప్పు పట్టదు. ఇంజన్ నుంచి బ్యాటరీ మైనస్‌కి మందపాటి వైరు ఒకటి నేరుగా వేస్తే ఇంకా మంచిది. ఈసారి కోటింగ్‌కి ఇచ్చేటప్పుడు ఎర్త్ పాయింట్ల మీద, బోల్టు మరల మీద వేడికి ఆగే టేపు వేయమని షాపువాడికి ముందే చెప్పండి. చెప్పకపోతే వేయడు.

ఎల్‌ఈడీ ఇండికేటర్లు వేశాక గబగబా కొట్టుకుంటున్నాయి

పాత బల్బు ఒక్కోటి 10 వాట్లు, ఎల్‌ఈడీ ఒకటో రెండో వాట్లు. లోడు తగ్గేసరికి ఫ్లాషర్, అంటే ఇండికేటర్ని వెలిగించి ఆర్పే డబ్బా, బల్బు మాడిపోయిందనుకుని తొందరపడుతుంది. ఎల్‌ఈడీకి పనికొచ్చే ఫ్లాషర్ కొనండి, అయిపోతుంది. లోడ్ రెసిస్టర్లు వేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది ఆదా చేసిన కరెంటుని వేడిగా తగలేయడమే, పైగా పక్కనున్న వైరు కాలుతుంది.

ఒకవైపు వేస్తే నాలుగూ వెలుగుతున్నాయా? మీటర్లో రెండు వైపులకీ ఒకే చిన్న బల్బు ఉన్న బళ్లలో ఇది మామూలే. ఆ బల్బు ఎడమ, కుడి వైర్ల మధ్య కట్టి ఉంటుంది, దాని గుండా అవతలి వైపు ఎల్‌ఈడీలకి చాలినంత కరెంటు జారిపోతుంది. రెండు వైర్లకీ చెరో 1ఎన్4007 డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) వేసి, వాటి గీత ఉన్న కొసల్ని కలిపి బల్బుకిచ్చి, బల్బు రెండో కొస ఎర్త్ చేయండి. డయోడ్ల ఖర్చు ఓ టీకి కూడా రాదు.

హెడ్‌లైట్ వెలుగు చాలక పెద్ద బల్బు వేస్తే ప్లాస్టిక్ కాలిన వాసన

బండితో వచ్చే హెచ్4 బల్బు 60/55 వాట్లు, అంటే హైబీమ్‌లో సుమారు 5 ఆంపియర్లు. 100/90 వేస్తే 8 దాటుతుంది. అదంతా ఆ సన్న వైరు, ఆ చిన్న స్విచ్ గుండానే పోవాలి. డూమ్ (హెడ్‌లైట్ డొప్ప) విప్పి చూస్తే నా హోల్డర్ గోధుమరంగుకి తిరిగి, ఒక మూల బెల్లం పాకంలా కారి గట్టిపడి ఉంది. పైగా ఆ బల్బు రోడ్డు మీద వాడకూడనిది, ఎదుటివాడి కళ్లు పోతాయి.

పాత 60/55నే ఉంచి, రిలే వేయండి, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్. బ్యాటరీ నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజు, అక్కణ్నుంచి 1.5 చదరపు మి.మీ. వైరు రిలేకి, రిలే నుంచి బల్బుకి. స్విచ్ రిలేని మాత్రం ఆడిస్తుంది. హై, లో రెంటికీ చెరో రిలే. అదే బల్బు వెలుగు ఎంత పెరుగుతుందో మీకే తెలుస్తుంది.

హ్యాండిల్ పూర్తిగా తిప్పితే ఇంజన్ రేజ్ అవుతోంది, లేదా ఆగిపోతోంది

ఎత్తు హ్యాండిల్ వేసినవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. ఇది ఉన్నంతసేపూ బండి రోడ్డెక్కించకండి. యూటర్న్‌లో బండి తనంతట తాను ఉరికితే పట్టుకోలేరు. రేజ్ అయితే యాక్సిలేటర్ కేబుల్ పొట్టిదై లాగుతోందని. ఆగిపోతే డూమ్‌లోకి వెళ్లే వైర్లు ఎక్కడో నలుగుతున్నాయని.

న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి ఈ కొస నుంచి ఆ కొసకి నెమ్మదిగా తిప్పండి. ఇంజన్ చప్పుడు మారిన చోట హ్యాండిల్ ఆపి, టార్చి వేసి చూడండి. కేబుల్ దారి మార్చితే చాలాసార్లు సరిపోతుంది, చాలకపోతే పొడుగు కేబుల్. క్లచ్ కేబుల్, ముందు బ్రేక్ గొట్టం కూడా ఇలాగే చూసుకోండి. బ్రేక్ గొట్టాన్ని మాత్రం సాగదీసి సర్దుకోవద్దు.

సైలెన్సర్ మార్చాక యాక్సిలేటర్ వదిలితే ఢాం ఢాం

రెండు అనుమానాలు. మొదటిది, ఇంజన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్లే బెండు పైపు జాయింట్ దగ్గర లీకు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి జాయింట్ మీద సబ్బు నీళ్లు వేయండి, బుడగలొస్తే గ్యాస్కెట్ మార్చాలి. రెండోది, గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. స్పార్క్ ప్లగ్ విప్పితే మొన సున్నం రాసినట్టు తెల్లగా ఉంటుంది. అప్పుడు కార్బొరేటర్ జెట్లు (పెట్రోలు కొలిచి వదిలే సన్న బెజ్జాలున్నవి) మార్చే పని, అది తెలిసినవాడి చేత చేయించండి.

నా మటుకు నేను పాత సైలెన్సర్ మళ్లీ బిగించేశాను. 175 సీసీ దాటిన బళ్లకు తయారీలోనే 80 డెసిబెల్స్ పరిమితి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఎలాగూ ఉంది, కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టూ చెప్పింది. విశాఖ బీచ్ రోడ్డులో పోలీసులు ఇలాంటి సైలెన్సర్లనే వరసగా పేర్చి రోడ్డు రోలర్ ఎక్కించారు. ట్యాంకు రంగు మార్చాలనుకున్నా ముందు ఆర్టీఏ ఆఫీసులో అడగండి, ఆర్సీలో రంగు రాసి ఉంటుంది.

వెనక లావు టైరు వేశాక గరగరమని రాపిడి

నా బండికి వచ్చింది 110/90-18. దాని ఎత్తు 655 మి.మీ. 120/90-18 వేస్తే 673 అవుతుంది, వెడల్పు ఓ 10 పెరుగుతుంది. ఇద్దరెక్కి గుంతలో పడితే మడ్‌గార్డ్ లోపలి బోల్టు టైరుని గీకుతుంది. 120/80-18 అయితే 649, అంటే ఎత్తు దాదాపు పాతదే. లావు కావాలంటే అది వేసి, చెయిన్ పక్క ఎంత సందుందో చూసుకోండి. స్పీడోమీటర్ ముందు చక్రంతో తిరుగుతుంది కాబట్టి వెనక టైరు మారిస్తే దానికేం కాదు.

నాలుగు రోజులు ఆపితే బ్యాటరీ డౌన్

మొబైల్ ఛార్జర్ నేరుగా బ్యాటరీకి కట్టారా? తాళం తీసినా అది తాగుతూనే ఉంటుంది. తాళం ఆఫ్ చేసి, మైనస్ వైరు ఊడదీసి, మల్టీమీటర్ 10 ఆంపియర్ల మీద పెట్టి వైరుకీ బ్యాటరీకీ మధ్య కలపండి. ఆ సమయంలో పొరపాటున కూడా సెల్ఫ్ నొక్కకండి, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. కార్బొరేటర్ బండిలో రీడింగ్ సున్నా దగ్గరే ఉండాలి. లేకపోతే తగిలించినవి ఒక్కోటీ పీకుతూ పోండి, ఎక్కడ పడిపోతే అదే దొంగ. దాని ప్లస్ వైరుని తాళంతో ఆన్ అయ్యే లైనుకి మార్చి, మధ్యలో ఫ్యూజు వేయండి. నా ఛార్జర్‌కి నీలం లైటొకటి ఉండేది, రాత్రిళ్లు సెల్లార్లో మిణుగురులా. అందంగా ఉందని నెలరోజులు చూస్తూ కూర్చున్నాను.