సొంతంగా పైథాన్ - పాఠం 3: పాత నోట్సు, కొత్త ఇన్‌స్టాలేషన్

పోయిన పాఠంలో ఫోల్డర్లు, టెర్మినల్ చూశాం. ఈసారి సిస్టంలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను ఎక్కిద్దాం.

హనుమకొండ నయీంనగర్ జిరాక్స్ షాపులో కొన్న స్పైరల్ నోట్సో, సీనియర్లు పంపిన అమీర్‌పేట మెటీరియల్ పీడీఎఫ్ ఫైలో మీ దగ్గర ఉండే ఉంటుంది. పారేయకండి. లూపులు, ఫంక్షన్లు చెప్పిన భాగం ఇప్పటికీ చాలావరకు పనికొస్తుంది. చెడిపోయేది మొదటి రెండు పేజీలే. కొత్తవాళ్లు మొదలుపెట్టేదీ అక్కడే కాబట్టి, ఎర్రర్ రాగానే ఇది మనవల్ల కాదని మూసేస్తారు.

ముందు నోట్సు వయసు తేల్చండి. తేదీ వెతికి లాభం లేదు, మొదటి ప్రోగ్రాం చూడండి. ప్రింట్ తర్వాత బ్రాకెట్ లేకుండా నేరుగా కోట్స్ ఉంటే అది పైథాన్ 2. దానికి 2020 జనవరి 1తో సపోర్ట్ ఆగిపోయింది. పిప్‌ను (అదనపు ప్యాకేజీలు దించే టూల్) విడిగా దించుకోమని చెప్పినా పాతదే అనుకోండి. 2014లో వచ్చిన పైథాన్ 3.4 నుంచి పిప్ పైథాన్‌తో పాటే వస్తోంది.

విండోస్ వాళ్లు పైథాన్ అధికారిక సైట్ నుంచే దించుకోండి. పాత నోట్సు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లోకి వెళ్లి సి డ్రైవ్‌లోని పైథాన్27 ఫోల్డర్‌ను చేర్చమంటుంది. ఆ ఫోల్డరే మీ సిస్టంలో ఉండదు. బదులుగా ఇన్‌స్టాలర్ మొదటి స్క్రీన్‌లో అడుగున ఉన్న పాత్ (పైథాన్ ఎక్కడుందో విండోస్‌కు చెప్పేది) టిక్కు పెట్టండి. అది మర్చిపోతే, పైథాన్ అని టైప్ చేసినప్పుడు మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకోవచ్చు. టెన్షన్ వద్దు, పి, వై అనే రెండక్షరాలే కొట్టి చూడండి. నడిస్తే పైథాన్ ఉన్నట్టే. ఈ టిక్కుకూ రోజులు దగ్గరపడ్డాయి. పైథాన్ 3.14 నుంచి ఇన్‌స్టాల్ మేనేజర్ అనే కొత్త పద్ధతి వచ్చింది. రేపు ఈ పేరా కూడా పాత నోట్సే!

ఇంట్లో విండోస్ 7 పీసీ ఉంటే పైథాన్ 3.8 దాకానే ఎక్కుతుంది. అంతకన్నా కొత్తది వేయబోయి, డీఎల్‌ఎల్ (ప్రోగ్రాంలు వాడుకునే విండోస్ ఫైల్) లేదన్న ఎర్రర్ చూసి, ఎక్కడెక్కడివో ఫైళ్లు తెచ్చి సిస్టంలో వేయకండి.

అసలు తంటా ఉబుంటు లినక్స్‌లో. పాత నోట్సు సుడో (అడ్మిన్ అధికారంతో నడిపే కమాండ్) పిప్ ఇన్‌స్టాల్ అని కొట్టమంటుంది. ఉబుంటు 24.04లో కొడితే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అని అడ్డుకుంటుంది. కారణం ఉంది. ఉబుంటు సొంత టూల్స్ కొన్ని అదే పైథాన్ మీద నడుస్తాయి. మీరు పిప్‌తో ఒక ప్యాకేజీ వర్షన్ మారిస్తే అవి పాడవ్వచ్చు. ఆ ఎర్రర్‌లోనే 'బ్రేక్ సిస్టం ప్యాకేజెస్' అనే ఆప్షన్ కనిపిస్తుంది. పేరులోనే ఉంది కదా, ముట్టుకోకండి.

మీ ప్రాజెక్టుకు వేరు కాపురం పెట్టించండి, అంటే ఉబుంటు పైథాన్‌ను ముట్టుకోని విడి ఫోల్డర్. దాన్నే వెన్వ్ అంటారు. ముందు ఏపీటీతో (ఉబుంటులో సాఫ్ట్‌వేర్ ఎక్కించే కమాండ్) పైథాన్3-వెన్వ్ ప్యాకేజీ వేసుకోండి. తర్వాత మీ ఫోల్డర్‌లోకి వెళ్లి పైథాన్3, స్పేస్, హైఫన్ ఎం, స్పేస్, వెన్వ్, స్పేస్, మీకు నచ్చిన పేరు. అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. ఆ పేరుతో ఒక ఫోల్డర్ వస్తుంది. దాని లోపలి బిన్ ఫోల్డర్‌లో ఉన్న యాక్టివేట్ ఫైల్‌ను సోర్స్ కమాండ్‌తో నడపండి. టెర్మినల్ లైన్ మొదట్లో బ్రాకెట్‌లో మీరు పెట్టిన ఆ ఫోల్డర్ పేరు కనిపిస్తే పని అయినట్టే. ఇక పిప్ వాడుకోండి, సుడో అక్కర్లేదు.

పీడీఎఫ్ నుంచి కమాండ్‌ను కాపీ చేయకండి. వర్డ్‌లో టైప్ చేసిన నోట్సులో రెండు హైఫన్లు కలిసి ఒక పొడుగు గీత అయిపోతాయి. కంటికి తేడా తెలియదు, టెర్మినల్‌కు తెలుస్తుంది. చేత్తో కొట్టండి.

మన ల్యాబుల్లో ఇంకా సి భాష రాసే పాత సాఫ్ట్‌వేర్ టర్బో సి నీలం స్క్రీన్ కనిపిస్తుంటుంది. అది 16 బిట్ ప్రోగ్రాం, 64 బిట్ విండోస్‌లో నేరుగా నడవదు. అందుకే పాత డాస్ ప్రోగ్రాంలను నడిపే డాస్‌బాక్స్ లోపల కూర్చోబెడతారు. పరీక్ష కోసమైతే సరే, ఇంట్లో మాత్రం జీసీసీ అనే సి కంపైలర్ వేసుకోండి.

ఇంటిపని: పాత నోట్సులోని బ్రాకెట్ లేని ప్రింట్ లైన్‌ను అలాగే నడిపి, వచ్చిన ఎర్రర్‌ను పుస్తకంలో రాసుకోండి. పాఠం 4 ఆ ఎర్రర్‌తోనే మొదలవుతుంది.