డిసెంబర్ 10న ఆ ముగ్గురినీ తలుచుకునే పద్ధతి

మా అన్న నేవీలో విమానాల మెకానిక్. సెలవుకి చంద్రగిరి వచ్చినప్పుడైనా, రిటైరై ఇంటికొచ్చేశాకైనా, డిసెంబర్ 10న మధ్యాహ్నం దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టేవాడు కాదు. "ఎవరి దినంరా ఇది?" అని మా అవ్వ అడిగితే 1971 యుద్ధంలో విమానంతోపాటే పోయిన ముగ్గురు నేవీ మనుషుల పేర్లు చెప్పి ఊరుకునేవాడు. అన్న పోయాక ఆ రోజు నా చేతికొచ్చింది. సోషల్ టీచర్‌గా ఉన్నన్నాళ్ళూ బళ్ళో చేశాను, ఇప్పుడు తిరుపతిలో మా వీధి పిల్లలతో చేస్తున్నాను. ఎలా చేయాలో రాసిమ్మని తెలిసిన టీచర్లు అడుగుతున్నారు కాబట్టి నేను చేసే పద్ధతి చెబుతాను.

ముందు జరిగింది సరిగ్గా తెలుసుకోండి. "దేశం కోసం ప్రాణాలర్పించిన వీరులు" అన్న మాట ఎవరికైనా సరిపోతుంది. ఆ ముగ్గురికే చెందిన మాటలు కావాలి.

1971 యుద్ధం. డిసెంబర్ 9 రాత్రి డయ్యూ దగ్గర మన ఖుక్రీ నౌకని పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు దాంతోపాటే మునిగిపోయారు. మర్నాడు మన నౌకాదళం అలీజే విమానాన్ని పాకిస్తాన్ యుద్ధవిమానం స్టార్‌ఫైటర్ కూల్చేసింది. అందులో లెఫ్టినెంట్ కమాండర్ అశోక్ రాయ్, లెఫ్టినెంట్ సిరోహి, విజయన్ ఉన్నారు. ముగ్గురూ తిరిగి రాలేదు.

అలీజే ప్రొపెల్లర్ విమానం. సముద్రంలో జలాంతర్గాముల్ని వెతకడానికి ఫ్రాన్స్‌లో తయారుచేసింది. ఎంత వేగంగా పోయినా గంటకి 500 కిలోమీటర్ల పైచిలుకు, అంతే. స్టార్‌ఫైటర్ ధ్వనికి రెండింతల వేగంతో పోగలదు. ఈ ఒక్క లెక్క బోర్డు మీద వేయండి. వెనక బెంచీల్లో మాట్లాడుకునే పిల్లలు కూడా ఆగిపోయి చూస్తారు.

తర్వాత విమానాన్ని ముగ్గుతో నేల మీద వేయించండి. ఫోటోలో చూస్తే అది చేతిలో పట్టే బొమ్మలా ఉంటుంది. ముక్కు నుంచి తోక దాకా దాదాపు 14 మీటర్లు, రెక్క చివర నుంచి రెక్క చివరకి 15.6 మీటర్లు. వీధిలో పట్టదు, మైదానమో ఖాళీ స్థలమో చూసుకోండి. ఐదు కిలోల ముగ్గుపిండి, పొడవాటి తాడు, టేపు, గుర్తులకి నాలుగు పుల్లలు చాలు. ముందు తాడు లాగి నిలువు గీత, దానికి అడ్డంగా రెక్కల గీత వేసి, చుట్టూ ఆకారం పిల్లల్ని గీయనివ్వండి. వంకర్లు పోయినా దిద్దకండి. ధనుర్మాసానికి ఇంకా కొన్ని రోజులే కాబట్టి ఆడపిల్లల చేతులు అప్పటికే ముగ్గుకి అలవాటు పడుంటాయి, గీత వాళ్ళ చేత మొదలుపెట్టించండి.

మన వైపు డిసెంబర్ అంటే తుపాన్ల కాలం. ఒక ఏడు సగం రెక్క వేశామో లేదో వాన కొట్టుకొచ్చి మొత్తం కరిగిపోయింది. నేను గొడుగు పట్టుకుని దిగులుగా నిలబడ్డాను. పిల్లలు మాత్రం చెప్పులు విడిచి, గీత ఉన్న చోటల్లా వరసగా పేర్చేశారు. తడిసిన హవాయి చెప్పులతో ఆ రెక్క పూర్తయింది. అన్న చూసుంటే బాగుండు.

రెక్కలు వేశాక వాటి మడత గురించి చెప్పండి. అలీజే ఓడ మీద నుంచి ఎగిరేది, అక్కడ చోటు చాలదని దాని రెక్కల్ని పైకి మడిచేవారు. అన్న రెండు చేతులూ చాచి, మోచేతుల దగ్గర పైకి మడిచి చూపించేవాడు. గోవాలో వాస్కో దగ్గరున్న నౌకాదళ విమానాల మ్యూజియంలో అలీజేని పక్కన నిలబడి చూశాను. రెక్క మడిచే కీలు కనిపించగానే అన్న మోచెయ్యే గుర్తొచ్చింది. పిల్లల చేత కూడా అలాగే చేతులు మడిపించండి, జన్మలో మరిచిపోరు.

విమానం లోపల మూడు పీటలు వేయండి. ముందు రెండు పక్కపక్కన, వెనక ఒకటి. ఒక్కో పీట మీద ఒక్కో పేరు రాసిన కాగితం, ఎగిరిపోకుండా దాని మీద ఒక గులకరాయి. పీటల మీద ఎవరినీ కూర్చోనివ్వకండి.

ఇక పేర్లు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఒక్క పేరు చదివి "తదితరులు" అనకండి. పైలట్ పేరు అందరికీ గుర్తుంటుంది, వెనక పీట మనిషి మరుగున పడిపోతాడు. అందుకేనేమో మా అన్న ఎప్పుడూ విజయన్ పేరే ముందు చెప్పేవాడు. ముగ్గురు పిల్లలకి తలా ఒక పేరు ఇచ్చి, ముందు రోజే పైకి చదివించి చూడండి. మైకు వద్దు. ఒక్కో పేరు తర్వాత పది అంకెలు లెక్కపెట్టేంత సేపు ఆగమనండి.

"వాళ్ళు చచ్చిపోయారా టీచర్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. తిరిగి రాలేదు, సముద్రం వాళ్ళని ఇవ్వలేదు అని చెప్పండి. ఆచూకీ దొరకని మనిషి ఇంట్లో తలుపు చప్పుడు కూడా వేరేగా వినిపిస్తుంది. ఎదుటి దేశాన్ని తిట్టించకండి, నినాదాలు పెట్టించకండి. ఆ గంట ఆ ముగ్గురిది.

ఇంట్లో చేసుకునేవాళ్ళకి దీపం చాలు. ఆయుధాలతో పోయినవాళ్ళకి మహాలయ పక్షంలో చతుర్దశి ఉండనే ఉంది, నమ్మకమున్నవాళ్ళు ఆ రోజూ తలుచుకోవచ్చు. నేనైతే డిసెంబర్ 10 సాయంత్రం కపిలతీర్థం పోయి ఒకే ప్రమిదలో మూడు వత్తులు వేసి పడమటి దిక్కుకి పెడతాను. అరేబియా సముద్రం అటే. మన స్వర్ణముఖి పారేది తూర్పుకి, బంగాళాఖాతంలోకి. అయినా నీళ్ళన్నీ ఒకటేలే అని మా అవ్వ అనేది.

వీలైతే పెద్ద పిల్లల్ని తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కించి విశాఖ తీసుకెళ్ళండి. బీచ్ రోడ్డులో 1971 విజయ స్మారకం, కురుసుర జలాంతర్గామి దగ్గరదగ్గరే ఉంటాయి. లోపలికి దిగి ఆ ఇరుకు చూస్తే చాలా సంగతులు వాళ్ళకే అర్థమవుతాయి.

పేర్లు చదవడం పన్నెండుకి ముగిసేలా చూసుకోండి. ఆ తర్వాత అందరికీ అన్నం పెట్టండి. మా అన్న సంగటి, చెనిక్కాయల ఊరిబిండితో ఉపవాసం విడిచేవాడు, నేనూ అదే చేసి పెడతాను. పీటలు, కాగితాలు తీసేయండి. ముగ్గు మాత్రం చెరపకండి. అది వాన వచ్చేదాకా ఉంటుంది, సైకిళ్ళ మీద పోయే పిల్లలు రెక్క తొక్కకుండా చుట్టూ తిరిగి పోతారు.